జులైలో సౌత్ గోవా: పెద్దావిడ, ఇద్దరు పిల్లలతో వెళ్లొచ్చా?

మణికొండ_ఫ్యామిలీ:
జులై మూడో వారంలో హైదరాబాద్ నుంచి వెళ్లి నాలుగు రాత్రులు సౌత్ గోవాలో ఉండాలని ప్లాన్. మేమిద్దరం, అమ్మ (68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, శాకాహారి), పిల్లలకి 9, 4 ఏళ్లు. డిసెంబర్‌లో రాత్రికి 11,000 చెప్పిన బెనౌలిమ్ రిసార్టు ఇప్పుడు 6,800కి ఇస్తోంది. వాన ఉంటుందని తెలిసే వెళ్తున్నాం. పిల్లల్ని కనీసం మోకాలి లోతు నీళ్లలోకి దింపొచ్చా? రైలు మంచిదా, విమానమా? బుక్ చేసేముందు రిసార్టువాళ్లని ఏమేం అడగాలి?

ఉప్పుగాలి:
మొదటి ప్రశ్నకి జవాబు: వద్దండి. మోకాలి లోతు కూడా వద్దు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గోవా బీచుల్లో ఎర్రజెండాలు ఉంటాయి. వాటర్ స్పోర్ట్స్ ఆపేస్తారు, షాక్‌లు (బీచ్ మీద వేసే తాత్కాలిక హోటళ్లు) మే చివరికే విప్పేస్తారు. నైరుతి గాలికి అలలు పెద్దవవుతాయి, అడుగున ఇసుక తిన్నెలు రోజురోజుకీ జరుగుతుంటాయి. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ నడుం లోతు ఉండొచ్చు. తిన్నెల మధ్య సందులోంచి నీళ్లు వేగంగా వెనక్కి పోతాయి, అదే రిప్ కరెంట్. పైనుంచి చూస్తే అక్కడ అల విరగదు, నీళ్లు కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపిస్తాయి. "ఇక్కడ అలలు లేవు" అని జనం సరిగ్గా అక్కడే దిగుతారు. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. కాపాడదామని వెనకాలే దూకొద్దు, బీచ్‌లో ఉండే లైఫ్‌గార్డులను ("దృష్టి" అనే సంస్థవాళ్లు) పిలవండి. వాళ్లు ఉండేది పగలే, చీకటి పడ్డాక బీచ్‌కి వెళ్లకండి.

ఇంకొకటి, పిల్లలకి ముందే చూపించి చెప్పాల్సింది. ఈ కాలంలో బ్లూబాటిల్స్ (జెల్లీఫిష్‌లా కుట్టే సముద్ర జీవులు) ఒడ్డుకి కొట్టుకొస్తాయి. తడి ఇసుక మీద బొటనవేలంత నీలం బుడగ, దాని కింద దారంలాంటి నీలి తోక. నాలుగేళ్ల పిల్లలకి బెలూన్‌లా కనిపిస్తుంది. చచ్చిపడున్నా ఆ తోక కుడుతుంది. కుడితే ఇసుకతో రుద్దకండి, మంచినీళ్లు పోయకండి. సముద్రపు నీళ్లతో కడిగి, అంటుకున్న దారాలని గీకకుండా ట్వీజర్‌తో తీసేసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో 20 నిమిషాలు పెట్టండి. ముందు నీళ్ల వేడి మీ చేత్తో చూసుకోండి. ఊపిరి ఆడకపోయినా, వాంతులైనా వెంటనే ఆసుపత్రికే.

గదితాళం:
సముద్రంలోకి దిగేది లేదు కాబట్టి సీ వ్యూకి అదనంగా పెట్టొద్దు. పన్ను లెక్క కూడా చూసుకోండి. రాత్రికి 7,500 దాకా జీఎస్టీ 5 శాతం, దాటితే 18. మీ 6,800 గది 7,140 అవుతుంది. "ఇంకో 800 వేస్తే సీ వ్యూ" అంటే 7,600 మీద 18 శాతం, మొత్తం 8,968. మీకు 800 అనిపించేది నిజానికి 1,828.

ఆఫ్ సీజన్‌లో చాలాచోట్ల రిపేర్లు, పెయింటింగ్ పెట్టుకుంటారు. కాబట్టి ఫోన్ చేసి అడగండి: ఆ వారం పూల్ నడుస్తుందా, కిచెన్ మూడు పూటలా ఉంటుందా, పక్క బ్లాకులో పని జరుగుతోందా? జనరేటర్ ఏసీని కూడా లాగుతుందా, లేక ఇన్వర్టర్ మీద ఫ్యాను, లైట్లేనా? గది నుంచి రెస్టారెంటుకి పైకప్పున్న దారి ఉందా? మీ అమ్మగారికి ఇది అన్నిటికన్నా ముఖ్యం. విడివిడి కాటేజీలైతే మూడు పూటలా తడి రాళ్లమీద గొడుగుతో నడవాలి. లిఫ్ట్ ఉంటే మొదటి అంతస్తు తీసుకోండి, కింది గదుల్లో చెమ్మ ఎక్కువ. ఏసీని డ్రై మోడ్‌లో పెడితే గాలిలో తేమ తగ్గుతుంది. అయినా జీన్స్ ఆరవు, పలచటి బట్టలే తీసుకెళ్లండి. జవాబులన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి.

రైలుబండి:
సికింద్రాబాద్–వాస్కో ఎక్స్‌ప్రెస్ 17039 బుధ, శుక్రవారాల్లో బయల్దేరుతుంది, తిరుగు బండి 17040 వాస్కోలో గురు, శనివారాల్లో. మీ నాలుగు రాత్రులకి ఈ రోజులు సరిపోతాయో లేదో ముందు చూసుకోండి. బెనౌలిమ్‌కి వాస్కో దాకా పోనక్కర్లేదు, మడ్‌గావ్‌లో దిగాలి. తెల్లవారకముందే వస్తుంది కాబట్టి రిసార్టు బండిని ముందురోజే చెప్పిపెట్టండి. దూధ్‌సాగర్ జలపాతం వెళ్లేటప్పుడు చీకట్లో పోతుంది, తిరుగుప్రయాణంలో పగటిపూట కనిపిస్తుంది. క్యాజిల్‌రాక్–కులెం మధ్య ఘాట్‌లో వానలకి కొండచరియలు పడి బండ్లు ఆగిన సందర్భాలున్నాయి. తిరిగొచ్చిన రోజే ఆఫీసు, పరీక్ష పెట్టుకోవద్దు.

విమానమైతే టికెట్‌మీద ఎయిర్‌పోర్టు పేరు చూడండి. మీకు కావాల్సింది దాబోలిమ్. మోపా ఉత్తర గోవా చివర ఉంది, చవకగా వచ్చినా మిగిలింది ట్యాక్సీకే పోతుంది.

మణికొండ_ఫ్యామిలీ:
చాలా థాంక్సండీ. అమ్మ భోజనం సంగతి? వాన ఆగకపోతే రోజంతా ఏం చేయాలి?

ఉప్పుగాలి:
మడ్‌గావ్‌లో ఉడుపి తరహా శాకాహార హోటళ్లున్నాయి, ఇడ్లీ, భోజనానికి లోటు లేదు. మీరు చేపలు తినేవాళ్లయితే గుర్తుంచుకోండి: జూన్ 1 నుంచి జులై 31 దాకా మరపడవల వేట నిషేధం. మెనూలో కింగ్‌ఫిష్ ఉంటే అది ఐస్‌లోదో, బయటినుంచి వచ్చిందో అయ్యుంటుంది. ఎప్పుడు వచ్చిందో అడిగి తీసుకోండి.

వానరోజుకి చాందోర్‌లోని బ్రగాంజా హౌస్ అనే పాతకాలపు బంగళా, బెనౌలిమ్‌లోనే ఉన్న గోవా చిత్ర మ్యూజియం. ఓల్డ్ గోవాలో బామ్ జీసస్ బసిలికా, ఎదురుగా సే కేథడ్రల్, రెండు చర్చిలూ దగ్గరదగ్గరగా ఉంటాయి, అమ్మగారికి నడక తక్కువ. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, ఆ పూట వద్దు. కాబో ద రామ కోట అందంగా ఉంటుంది కానీ వానలో రాళ్లు పాచిపట్టి జారతాయి, చిన్నవాడితో అంచులకి వెళ్లొద్దు.

తిరగడానికి స్కూటర్ కాకుండా కారే తీసుకోండి. అద్దెకిచ్చే సెల్ఫ్ డ్రైవ్ బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేటు బండి ఇస్తే తీసుకోకండి, అది సొంత వాడకానికి రిజిస్టరైనది. పోలీసులు ఆపితే జరిమానా, గుద్దుకుంటే ఇన్సూరెన్స్‌తో పేచీ. పొలాల పక్కన నిలిచిన నీళ్లలో పిల్లల్ని ఉత్తకాళ్లతో ఆడనివ్వకండి, ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) వచ్చేది అలాంటి నీళ్లతోనే. వచ్చాక నెల లోపు జ్వరం వస్తే ఈ ట్రిప్పు సంగతి డాక్టరుకి చెప్పండి.