వాషింగ్టన్ రాష్ట్రంలో పన్ను ఇనిషియేటివ్ అనగానే అందరూ ‘నో’ ఎందుకంటారు?

బోథెల్_లక్ష్మి:
పోయిన ఏడాదే సిటిజన్‌షిప్ వచ్చింది. మాది తెనాలి దగ్గర పల్లె. అక్కడ ఇంటి పన్ను ఎంతో పంచాయతీ నోటీసు వచ్చాకే తెలిసేది, మమ్మల్ని ఎవరడిగారు? ఇక్కడ ఇనిషియేటివ్ (జనం సంతకాలతో ఓటుకి వచ్చే చట్ట ప్రతిపాదన) పెట్టి, పన్ను వేయాలా వద్దా అని అడుగుతూ బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంటే చాలా గొప్పగా అనిపించింది. శ్రద్ధగా చదవాలని కూర్చున్నాను. కానీ ఎవరిని అడిగినా "పన్ను అని కనపడితే నో పెట్టెయ్" అంటున్నారు. వీళ్ళెవరూ పిసినారులు కారు. గుడికీ స్కూలుకీ అడగకుండానే ఇస్తారు. మరి పన్ను దగ్గరే ఎందుకింత అనుమానం?

ఇంకో సందేహం. 2010లో ఎక్కువ సంపాదన ఉన్నవాళ్ళ మీద రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ వేద్దామని ఐ-1098 అనే ఇనిషియేటివ్ వస్తే 64 శాతం నో అన్నారు. 2024లో క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ (షేర్లలాంటివి అమ్మితే వచ్చే లాభం మీద పన్ను) తీసేద్దామని ఐ-2109 వస్తే దానికీ 64 శాతం నో. అంటే పన్ను ఉండనివ్వమన్నారు. రెండూ డబ్బున్నవాళ్ళ మీద పన్నులే కదా, ఇదెలా?

కిర్క్‌లాండ్_వాసి:
అర్థం కాకపోతే నో పెడతారండీ. రెండుసార్లూ గెలిచింది నోయే, చూడండి.

రెడ్మండ్_పాతకాపు:
అది సగమే నిజం. 2019లో కార్ ట్యాబ్ ఫీజు (కారు రిజిస్ట్రేషన్‌కి ఏటా కట్టేది) 30 డాలర్లకి తగ్గించే ఐ-976 కి రాష్ట్రం మొత్తం మీద ఎస్ గెలిచింది. తర్వాత రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది, అది వేరే సంగతి.

లక్ష్మిగారూ, ఆ రెండుసార్లూ నో పెట్టినవాణ్ణి నేను. 2010లోనే నా మొదటి ఓటు. ఒక్కరికి 2 లక్షల డాలర్లు, దంపతులకి 4 లక్షలు దాటితేనే ఆ పన్ను. నా జీతం దాని దరిదాపుల్లో లేదు. పైగా రాష్ట్రం వేసే ప్రాపర్టీ ట్యాక్స్ 20 శాతం తగ్గిస్తామన్నారు. బిల్ గేట్స్ నాన్నగారు స్వయంగా ప్రచారం చేశారు. అయినా నో పెట్టాను. ఎందుకంటే ఇక్కడ ఇనిషియేటివ్ గెలిచిన రెండేళ్ళకి దాన్ని శాసనసభ మామూలు మెజారిటీతో మార్చేయొచ్చు. ఇవాళ 2 లక్షలు, రేపు లక్ష కావచ్చు. ఏకై వచ్చి మేకై కూర్చుంటుందేమోనని భయం.

2016లో సియాటిల్ ప్రాంతంలో లైట్ రైల్ కోసం ఎస్‌టీ3 (సౌండ్ ట్రాన్సిట్ 3) ఓటుకి వచ్చింది, 5,400 కోట్ల డాలర్ల పథకం. దానికి మనస్ఫూర్తిగా ఎస్ పెట్టాను. రైలు కావాలని ఇప్పటికీ అంటాను. కానీ మరుసటి ఏడాది కార్ ట్యాబ్ బిల్లులు చూసి మా ఆఫీసులో గగ్గోలు. ఆ రైలుకి కార్ల మీద వేసే పన్ను కారు విలువలో 1.1 శాతం అని మేమంతా చదివాం. ఆ విలువ మార్కెట్ ధర కాదు, చట్టంలో ఎప్పుడో రాసిన పాత తరుగుదల పట్టిక ప్రకారం అని ఎంతమందికి తెలుసు? కొన్నేళ్ళు వాడిన కారుకి అసలు ధర కన్నా ఎక్కువ విలువ కట్టారు. మేం శాతం చూశాం గానీ దేని మీద శాతమో చూడలేదు. ఐ-976 కి ఊపు వచ్చింది ఆ కోపంలోంచే.

క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ 2021లో శాసనసభ తెచ్చింది. అప్పట్లో ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు దాటిన లాభం మీద 7 శాతం. ఇల్లు అమ్మినా, రిటైర్మెంట్ ఖాతా అయినా లెక్కలోకి రావు. కంపెనీ ఇచ్చిన షేర్లు ఉన్నాయని నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. పాప కాలేజీ ఫీజు కోసం కొన్ని అమ్మి లెక్క వేసుకుంటే, ఆ గీతకి ఎంతో దూరంలో ఆగాను. 2023 ఏప్రిల్, 2024 ఏప్రిల్ పన్ను గడువులు గడిచాయి, అప్పటికి పన్ను చెప్పిన చోటే ఉంది. అందుకే తీసేయొద్దని ఓటేశాను. మారింది నా సిద్ధాంతం కాదండీ. మొదటిసారి పన్ను కాగితం మీద ఉంది, రెండోసారి కళ్ళముందు ఉంది.

టకోమా_టీచర్:
ఒకటి కలుపుతాను. 2022లో వచ్చిన చట్టం వల్ల, ఐ-2109 కింద బ్యాలెట్ మీదే "దీనివల్ల స్కూళ్ళకి, ఉన్నత విద్యకి, చైల్డ్‌కేర్‌కి నిధులు తగ్గుతాయి" అని రాశారు. నేను టీచర్ని, ఆ మాట నాకు చాలా అవసరం అనిపించింది. అయితే పన్ను వేసేటప్పుడు కూడా అంతే సూటిగా రాయాలి.

ఇంకా, జనం విసుగు కూడా అర్థం చేసుకోవాలి. 2001లో ఐ-747 తో ప్రాపర్టీ ట్యాక్స్ వసూలు ఏడాదికి 1 శాతం కన్నా పెరగకుండా కట్టేశారు. కోర్టు కొట్టేస్తే శాసనసభ మళ్ళీ తెచ్చింది. ఖర్చులు 1 శాతం దగ్గర ఆగవు కదా. అందుకని ఫైర్, పార్కులు, లైబ్రరీ, ఒక్కొక్కరే ఓటర్ల గుమ్మం తొక్కాలి. అన్నిసార్లు అడిగితే అనుమానం రాదా?

బోథెల్_లక్ష్మి:
ఇద్దరికీ థాంక్స్ అండీ. స్కూల్ లెవీ (స్కూళ్ళ కోసం ఓటుకి పెట్టే ప్రాపర్టీ ట్యాక్స్) పేపర్లో "వెయ్యి డాలర్ల అసెస్డ్ వాల్యూకి ఇంత" అని ఉంది, అంటే పన్ను కోసం కట్టిన ఇంటి విలువలో ప్రతి వెయ్యికి. అదే ఖాయమైన రేటా? మా ఇంటి వాల్యూ ఎక్కడ చూడాలి?

రెడ్మండ్_పాతకాపు:
స్కూల్ లెవీలో ఖాయమైంది అందరి దగ్గరా కలిపి వసూలు చేసే మొత్తం డాలర్లు. వెయ్యికి ఎంత అన్నది అంచనా మాత్రమే. వాల్యూ కౌంటీ అసెసర్ (ఇళ్ళకి విలువ కట్టే అధికారి) సైట్‌లో అడ్రస్ కొడితే వస్తుంది. బోథెల్ రెండు కౌంటీల్లో ఉంది కాబట్టి మీ ఇల్లు కింగ్ వైపా, స్నోహోమిష్ వైపా ముందు చూసుకోండి.