1/72 స్పిట్‌ఫైర్: రంగు గరుకుగా వచ్చింది, డీకాల్స్ కింద తెల్లని మెరుపు కనబడుతోంది

ప్రశ్న (నల్లగొండ సభ్యుడు)

సభ్యులందరికీ నమస్కారం. మాది నల్లగొండ. మూడేళ్లుగా ప్లాస్టిక్ విమానాల కిట్లు చేస్తున్నాను గానీ, రంగును తుంపరగా చిమ్మే ఎయిర్ బ్రష్ పట్టుకున్నది మాత్రం ఈ ఎండాకాలంలోనే. ఇప్పుడు చేస్తున్నది 1940 నాటి బ్రిటన్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్, అందులో తొలి రకమైన మార్క్ వన్. అసలు విమానం రెక్కల కొస నుంచి కొసకు 11.23 మీటర్లు ఉంటుంది కాబట్టి, 1/72 కొలతలో నా బల్ల మీద అది 15.6 సెంటీమీటర్లకు వచ్చింది. అతికించడం వరకు తృప్తిగానే జరిగింది. రెక్క, బాడీ కలిసే చోట మిగిలిన సందును పుట్టీతో నింపి, 600, 1000 నంబర్ల వాటర్ పేపర్‌తో రుద్ది, గోరుతో గీసినా తగలనంత నున్నగా చేశాను.

చిక్కంతా రంగు దగ్గరే వచ్చింది. మేడ మీది రేకుల గదిలో, మధ్యాహ్నం రెండు గంటలకు, ఫ్యాను వేసుకుని అక్రిలిక్ రంగులు కొట్టాను. ఎడమ రెక్క మొదట్లో ముదురు ఆకుపచ్చ మీద వేలితో రాస్తే సుద్దముక్కను తాకినట్టు పొడి అంటుతోంది. దాని మీదనే గుండ్రని గుర్తుల డీకాల్స్ (నీటిలో నానబెట్టి అతికించే పలుచని బొమ్మలు) అతికించాను. తిన్నగా చూస్తే బాగానే ఉన్నాయి గానీ, కిటికీ వైపు వంచి చూస్తే వాటి కింద తగరపు కాగితం పరిచినట్టు మెరుస్తోంది. వాటి చుట్టూ తెల్లని చారలు కూడా మిగిలాయి. రెండు మూడు డీకాల్స్ చిరిగిపోయాయి. రంగును మొత్తం తీసివేయాలా, ఉన్నదాన్నే సరిదిద్దుకోవచ్చా? కొత్త గుర్తులు వేయవలసి వస్తే ఏ స్క్వాడ్రన్‌వి (వైమానిక దళంలోని ఏ విభాగానివి) వేయడం బాగుంటుంది?

సమాధానం 1 (సూర్యాపేట సభ్యుడు)

మీరు రెండు లోపాలుగా రాసినవి నిజానికి ఒకే లోపం. నలభై డిగ్రీలు దాటిన గదిలో, ఫ్యాను గాలికి, ఎయిర్ బ్రష్ నుంచి బయటపడిన రంగు తుంపర ప్లాస్టిక్‌ను చేరేలోపే గాలిలో ఆరిపోతుంది. అలా ఆరిన తుంపర ఉపరితలం మీద పరుచుకోదు, పొడిలా రాలి కూర్చుంటుంది. మీ వేలికి అంటిన ఆకుపచ్చ పొడి అదే. ఆ గరుకు నేల మీద డీకాల్ పెడితే దాని పలుచని పొర ఎత్తుల మీద మాత్రమే ఆని, పల్లాల్లో గాలి చిక్కుకుంటుంది. మీకు వెండిలా మెరుస్తున్నది ఆ గాలే.

రంగంతా తీయవలసిన పని లేదు. డీకాల్స్ లేని చోట 2000 నంబర్ వాటర్ పేపర్‌ను తడిపి, చెయ్యి బరువు వేయకుండా, గుండ్రంగా రుద్దండి. రివెట్ల దగ్గర, అంచుల దగ్గర చాలా జాగ్రత్త అవసరం, అక్కడ రంగు ఇట్టే లేచిపోతుంది. తరువాత తెల్లవారుజామున, ఫ్యాను ఆపి, రంగును పాలంత పలుచగా కలిపి, రంగు త్వరగా ఆరకుండా ఆపే రిటార్డర్ రెండు మూడు చుక్కలు వేసి, 15 పీఎస్ఐ ఒత్తిడిలో, ఏడెనిమిది సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టండి. రంగు పడిన క్షణం తడిగా మెరవాలి, కానీ కారకూడదు. నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఆ తడి మెరుపును కనిపెట్టి చూడటమే. కూలర్ పెట్టుకుని కొట్టేవారు కూడా ఉన్నారు, దాని గాలి సూటిగా తగలనంత వరకు ఇబ్బంది లేదు.

మెరుపులేని మ్యాట్ రంగు ఆరాక, డీకాల్స్‌కు ముందు మెరుపునిచ్చే గ్లాస్ వార్నిష్ తప్పనిసరి. అది పల్లాలను నింపి అద్దంలాంటి నేలను ఇస్తుంది. చివరన మ్యాట్ వార్నిష్ వేస్తే మెరుపు పోతుంది. ఇప్పుడు మెరుస్తున్న డీకాల్స్‌ను సన్నని సూదితో అక్కడక్కడ పొడిచి, డీకాల్ మెత్తబరిచే ద్రావణాన్ని చుక్కగా వదలండి. రంధ్రాల గుండా లోపలికి దిగితే చాలావరకు అణుగుతాయి. ఆ సమయంలో డీకాల్ ముడతలు పడుతుంది, కంగారుపడి వేలు పెట్టకండి, ఆరుతూ తానే సర్దుకుంటుంది.

సమాధానం 2 (పాలమూరు సభ్యుడు)

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఒక్క నీళ్ల సంగతి చేర్చాలి. మీరు రాసిన తెల్లని చారలు బోరు నీళ్లవై ఉంటాయి. మన రెండు జిల్లాల్లోనూ గిన్నెలు ఆరబెడితే తెల్లని పొర కట్టడం ఇంటింటా చూస్తున్నదే కదా. డీకాల్ నానబెట్టడానికీ, రంగు పలుచన చేయడానికీ, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. మెకానిక్ షాపులో దొరికే ఒక్క సీసా నెలల తరబడి వస్తుంది. ఉన్న చారలను అదే నీటితో తడిపిన దూది పుల్లతో, రుద్దకుండా అద్ది తీయండి. కాక్‌పిట్ అద్దాన్ని మాత్రం క్షణంలో పట్టే జిగురుతో అతికించకండి, దాని ఆవిరికి అద్దం మబ్బు పడుతుంది. తెల్ల జిగురు చాలు.

ఇక గుర్తుల విషయం. స్పిట్‌ఫైర్ మార్క్ వన్ చేస్తూ, మన ప్రాంతంవారై ఉండి, 152వ స్క్వాడ్రన్ గుర్తులు వేయకపోవడం నాకు లోటనిపిస్తుంది. బ్రిటన్ వైమానిక దళంలో దాని పేరు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. 1940 జూలైలో ఆ స్క్వాడ్రన్ ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్‌కు చేరి, జర్మనీతో జరిగిన బ్రిటన్ గగనతల పోరులో అక్కడి నుంచే స్పిట్‌ఫైర్లు నడిపింది, తరువాతి కాలంలో బర్మా రంగంలోనూ పోరాడింది. అప్పటి హైదరాబాద్ రాజ్యంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ జిల్లాలే. ఆ పేరు మోసిన విమానం నల్లగొండలో ఒక బల్ల మీద నిలబడితే చూడాలని నాకు నిజంగా కోరికగా ఉంది.

స్క్వాడ్రన్ అక్షరాలు యు, ఎమ్. బూడిద రంగులో ఉంటాయి. పైన మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ, అడుగున స్కై అనే లేత ఆకుపచ్చ ఛాయ వేస్తే 1940 వేసవికి సరిపోతుంది. డీకాల్స్ చిరిగాయి కాబట్టి అక్షరాలను మాస్కింగ్ టేపు కోసి రంగుతోనే వేయవచ్చు. టేపును గాజు పలక మీద అతికించి, కొత్త బ్లేడుతో కోయండి. ఎమ్ అన్నీ గీతలే కనుక తేలిక. యు వంపును ఒకే కోతలో కాకుండా చిన్న చిన్న కోతలుగా తిప్పాలి. ఏ విమానమో తెలిపే మూడో అక్షరం ఎంచుకునే ముందు ఆ విమానం ఫోటో ఒకటి దగ్గర పెట్టుకోండి, అక్షరాల పరిమాణం విమానానికీ విమానానికీ మారుతుంది.

ప్రశ్న అడిగిన సభ్యుడు, వారం తరువాత

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందుగా ఒక ప్లాస్టిక్ చెంచా మీద ఉదయం ఐదున్నరకు కొట్టి చూశాను. పాలంత పలుచన అన్న మాట అప్పుడు అర్థమైంది. ఇంతవరకు నేను వాడినది మజ్జిగ కంటే చిక్కగా ఉండేది. నిన్న రెక్కలు రుద్ది మళ్లీ రంగు వేశాను. ఇప్పుడు వేలికి ఏమీ అంటడం లేదు. సూదితో పొడిచిన గుర్తుల్లో ఒకటి పూర్తిగా అణిగింది, కుడి రెక్క మీది దానికి అంచున కొద్దిగా మెరుపు మిగిలింది, దానికి మరోసారి ద్రావణం వేస్తాను.

152వ స్క్వాడ్రన్ సంగతి మా నాన్నగారికి చదివి వినిపించాను. గుర్తులు అవే వేయమన్నారు. బాడీకి ఒక వైపు ఎమ్ పూర్తయింది. యు కోసం మూడు టేపులు పాడయ్యాయి, నాలుగోది గాజు పలక మీద ఉంది.