కార్టూన్ సినిమాల్లో దాచిన బొమ్మలు పిల్లల కంట పడతాయా?

అలిపిరి అన్న:
కార్టూన్ సినిమాలో దాచిన బొమ్మంటూ ఎర్ర సున్నా చుట్టిన ఆ వీడియో తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ తిరుగుతా ఉంది, 'మీ పిల్లల బుర్రలోకి ఏం ఎక్కిస్తున్నారో చూడండి' అని. ఉత్త పుకారు అనేవాళ్లకు ఒకటే అడుగుతా. 1999 జనవరిలో డిస్నీ 'ది రెస్క్యూయర్స్' కార్టూన్ సినిమా వీడియో టేపులు 34 లక్షలు ఎందుకు వెనక్కి తెప్పించుకుంది? వెనకాల కిటికీలో నగ్న స్త్రీ ఫొటో ఉండబట్టే కదా?

కపిలతీర్థం ఎడిటర్:
ఫొటో నిజమే సామీ. సినిమా అంటే వరసగా కదిలే బొమ్మలే, ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము. లక్షా పదివేల పైచిలుకు ఫ్రేముల్లో రెండంటే రెండు, అవీ పక్కపక్కన లేవు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఒక్కోటి తెర మీద నిలిచేది 42 మిల్లీసెకన్లు. వెనకొచ్చే ఫ్రేము దాన్ని కప్పేస్తుంది. పైగా పిల్లల చూపు ముందు ఎగురుతున్న పాత్రల మీద ఉంటుంది, మూల కిటికీ మీద కాదు. సినిమా వచ్చింది 1977లో. గొడవ లేచేసరికి ఇరవై ఏళ్లు దాటింది.

అనుమానముంటే అసలు ఫైలు కంప్యూటర్లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో తెరిచి, పాజ్ చేసి, కీబోర్డు మీద 'E' అక్షరం నొక్కుతూ పోండి, ఒక్కో ఫ్రేమే కదుల్తుంది. ఫార్వర్డ్ అయిన వీడియో ఈ పనికి పనికిరాదు. సెకనుకు 24 ఫ్రేముల్ని 30కి మార్చినప్పుడు కొన్ని ఫ్రేములు రెండేసి పడతాయి, క్వాలిటీ పోయి మామూలు నీడలు కూడా అక్షరాల్లా కనిపిస్తాయి. ఇక ఆ సున్నా చుట్టాక కనపడనిదేముంది!

అలిపిరి అన్న:
మరి 1997 డిసెంబరు 16న జపాన్‌లో టీవీలో పోకెమాన్ కార్టూన్ చూసి 685 మంది పిల్లలు ఆసుపత్రి పాలైంది?

కపిలతీర్థం ఎడిటర్:
దాంట్లో దాచిందేముంది? ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు 12 సార్లు మార్చి మార్చి కొట్టాయి. ఫిట్స్ గుణం ఉన్నవాళ్లకు అది చాలు. చీకటి గదిలో టీవీకి ముక్కు ఆనించి కూర్చుంటే మరీ ప్రమాదం. లైటు వేసి, పిల్లల్ని వెనక్కి జరపాలి.

బంగారుపాళ్యం టీచరమ్మ:
మీరిద్దరూ ఫ్రేముల కాడే ఆగిపోయినారు. దాచింది సంగతి అట్లుంచండి, ఎదురుగా చెప్పిన నీతే సరిగ్గా ఎక్కదు. అమెరికాలో కిండర్‌గార్టెన్ పిల్లలకు మూడు కాళ్ల కుక్క కార్టూన్ చూపించి ఏం తెలిసిందని అడిగినారు. వికలాంగుల్ని వేరుగా చూడొద్దన్నది కథ. ఎక్కువమంది పిల్లలకు అది కుక్కల సంగతిగానే అర్థమైంది. కథలో మిగతా కుక్కలు దాన్ని చూసి జంకే సీన్లే ఎక్కువ మరి, నీతి చివర్న ఒక్క మాటలో వస్తుంది.

గొంతు మాత్రం ఇట్టే పట్టేస్తారు. డబ్బింగులో తెలివైన పాత్రకు పుస్తకాల తెలుగు, తింగరి దొంగకు మన యాస పెట్టినారనుకోండి. 'యాడికి పోతాండావు' అనగానే హాలంతా నవ్వుతుంది. ఇంట్లో అదే మాట మాట్లాడే పలమనేరు పిల్లోడు కూడా నవ్వుతాడు, ఎందుకో తెలీకుండానే. దానికి సున్నా ఎక్కడ చుడతారు?

అలిపిరి అన్న:
అది ఒప్పుకుంటా అక్కా. అయినా పిల్లోడికి ఏం ఎక్కిందో కనుక్కునేదెట్ల?

బంగారుపాళ్యం టీచరమ్మ:
'కిటికీలో బొమ్మ కనపడిందా' అని అడగొద్దు. నాలుగైదేళ్లోళ్లు దేనికైనా 'ఊ' అంటారు. 'కథ చెప్పు' అని ఊరుకోండి, మధ్యలో అందించొద్దు. కాగితం, రంగులు ఇచ్చి గుర్తున్నది గీయమనండి. రెండ్రోజులు పోయినాక మళ్లీ అడగండి. అప్పుడు ఆ దొంగ పాత్ర మాటలు ఏ యాసలో చెప్తాడో చెవిపెట్టి వినండి.