గొర్రెకు 1.30 పౌండ్లు: చెర్నోబిల్ ఆంక్షలకు అది తగిన పరిహారమేనా?

చర్చాంశం: 1986 ఏప్రిల్ 26న సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగాక, మే మొదట్లో కురిసిన వానలతో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం బ్రిటన్ కొండ ప్రాంతాల్లోని మేత భూముల మీద పడింది. ఆ జూన్‌లో గొర్రెల తరలింపుపైనా, వధపైనా విధించిన ఆంక్షలు 2012 జూన్ 1న గాని పూర్తిగా తొలగలేదు. తనిఖీ చేయించిన ఒక్కో గొర్రెకు రైతుకు దక్కినది 1.30 పౌండ్లు. ఇది న్యాయమేనా?

విశ్రాంత ఆడిటర్: న్యాయమేనని నా అభిప్రాయం. తప్పు బ్రిటిష్ ప్రభుత్వానిది కాదు. సోవియట్ యూనియన్ పరిహారంగా ఒక్క రూబుల్ కూడా ఇవ్వలేదు. రేడియోధార్మికత కిలోకు 1,000 బెక్వెరెళ్లు (దాన్ని కొలిచే ప్రమాణం) దాటిన మాంసం అంగడికి రాకుండా ఆపడం వల్ల మేలు పొందినవారిలో రైతులు కూడా ఉన్నారు.

పశువైద్యుడు: ఆడిటర్ గారూ, తప్పు ఎవరిదన్న ప్రశ్నను, నష్టం ఎవరు మోయాలన్న ప్రశ్నతో మీరు కలిపేస్తున్నారు. గొర్రెలను అమ్మదలచిన రైతు ముందుగా కబురు పెట్టి, కొండంతా గాలించి మందను దొడ్డికి తోలుకొస్తే, అధికారులు ఒక్కో గొర్రె పిరుదుకు కొలత పరికరం ఆనించి చూసేవారు. హద్దు దాటినదానికి రంగు పూసేవారు; దాన్ని పల్లపు బీళ్లలో కొన్ని వారాలు మేపితే ఒంట్లోని సీజియం తగ్గేది. ఈలోగా సంత అదను దాటిపోతే ఆ నష్టం 1.30 పౌండ్లలో ఎక్కడ ఇముడుతుంది? అది తోలుకొచ్చిన కూలికి సరిపోతే గొప్ప. పైగా ఆంక్షలు మూడు వారాలే ఉంటాయని మొదట చెప్పినది ప్రభుత్వమే. బంకమట్టి సీజియాన్ని పట్టి ఉంచుతుంది. కొండల మీది ఆమ్ల గుణం గల పీట్ నేల (సగం కుళ్లిన మొక్కల అవశేషాలతో ఏర్పడినది) అలా పట్టి ఉంచదు కనుక, గడ్డి దాన్ని ఏటేటా పీల్చుకుంటూనే ఉంది. ఆ అంచనా తప్పినందుకైనా ప్రభుత్వానికి బాధ్యత లేదా?

విశ్రాంత ఆడిటర్: అంచనా తప్పిందన్నది ఒప్పుకుంటాను. అయితే 2012లో ఆంక్షలతోపాటు చెల్లింపు ఆపడాన్ని కూడా వేల్స్ రైతు సంఘాలు తప్పుపట్టాయి కదా?

పశువైద్యుడు: అప్పటికి ఉత్తర వేల్స్‌లో 334, ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో 8 క్షేత్రాలే మిగిలాయి. ప్రమాదం అత్యల్పమని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ తేల్చాక, తనిఖీయే లేనప్పుడు తనిఖీకి ఇచ్చే చెల్లింపును అడగడం కుదరదు. ఆ విషయంలో సంఘాలతో నేను ఏకీభవించను. నా అభ్యంతరమల్లా, అంతకుముందు ఇరవై ఆరేళ్లూ నష్టాన్ని పోయిన అదనుతో కాక తలల లెక్కతో కొలవడం మీదనే.