ముక్కనుమ నాడు ప్రయాణం, మూడు రాత్రులు: చెన్నైలో ఎన్ని ఉండాలి, మహాబలిపురంలో ఎన్ని?

కృష్ణలంక_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. పెళ్లయి ఏడేళ్లయింది, ఇన్నేళ్లలో మేమిద్దరమే కలిసి ఊరు దాటింది లేదు. పెళ్లైన కొత్తలో తిరుపతి వెళ్లాం కానీ అది ఇంటిల్లిపాదీ కలిసి చేసిన ప్రయాణం, తర్వాత మామయ్యగారి ఆపరేషన్, ఆ తర్వాత పాప, అలా జరుగుతూ పోయింది. ఈసారి మా అమ్మ తనంతట తానే "పాపను నేను చూసుకుంటా, మీరిద్దరూ ఓ మూడు రోజులు ఎటైనా వెళ్లి రండి" అంది. ఆ మాటకి నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఆ రోజు అత్తయ్యగారు ఎలాగూ గడప దాటనివ్వరు. అందుకని ముక్కనుమ పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగి, ఆ సాయంత్రం మెరీనా, మర్నాడు టీ నగర్, మైలాపూర్, మ్యూజియం, ఎలియట్స్ బీచ్ అన్నీ చూసుకుని, చివరి రాత్రి మాత్రం మహాబలిపురంలో ఏదైనా బీచ్ రిసార్టులో ఉందామని మా ఆయన ప్లాన్. ఆయన రాసిన కాగితంలో పద్నాలుగు చోట్లున్నాయి. నాకేమో సముద్రం ఎదురుగా ఓ కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలనిపిస్తోంది. రెండు రాత్రులు ఊళ్లో, ఒక రాత్రి సముద్రం దగ్గర, ఇది సరైనదేనా? ఆయన కృష్ణలో ఈత నేర్చుకున్నారు, సముద్రంలో దిగుతానంటున్నారు. నాకు ఈత రాదు. రూముకి రోజుకి ఐదు వేలు మించకూడదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

అడయార్_తెలుగు:
అమ్మా, నేను చెన్నైలో పంతొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ముందుగా ఒక ముఖ్యమైన విషయం. మన ముక్కనుమే ఇక్కడ కాణుం పొంగల్. ఆ రోజు చెన్నై జనమంతా ఇంట్లో వండుకున్నది టిఫిన్ క్యారియర్లలో సర్దుకుని పిల్లాజెల్లాతో మెరీనాకి వస్తారు. ఇసుక కనిపించదంటే నమ్మండి. తప్పిపోయిన పిల్లల్ని గుర్తుపట్టడానికి పోలీసులు వాళ్ల చేతులకు ఫోన్ నంబరు రాసిన పట్టీలు కడతారు. మహాబలిపురం, తీరం వెంట అక్కడికి వెళ్లే ఈసీఆర్ రోడ్డు, వండలూరు జూ, అన్నీ అదే పరిస్థితి. ఆ పండగ సందడి చూడాలని వచ్చేవాళ్లకి అది మంచి రోజే, ఏడేళ్ల తర్వాత ఇద్దరే కూర్చుని మాట్లాడుకోవాలనుకునేవాళ్లకి మాత్రం కాదు. వీలైతే ఒక్క రోజు జరపండి. ముక్కనుమ మర్నాడు బయల్దేరండి.

రెండోది, వరస తిరగెయ్యండి. సెంట్రల్‌లో దిగగానే ఊళ్లోకి వెళ్లకుండా ఈసీఆర్ మీదుగా నేరుగా మహాబలిపురం వెళ్లిపోండి. దూరం 60 కిలోమీటర్ల లోపే, అయినా ఊరు దాటడానికే చాలాసేపు పడుతుంది కాబట్టి కారులో రెండు గంటలు లెక్కేసుకోండి. బస్సులు కూడా ఉన్నాయి కానీ పెట్టెలతో మొదటి రోజే వద్దు. మొదటి రెండు రాత్రులూ అక్కడే ఉండి, మూడో రాత్రికి చెన్నై వచ్చి ఎగ్మూరు దగ్గర రూము తీసుకోండి. తిరుగు పినాకిని సెంట్రల్ నుంచి మధ్యాహ్నం రెండు దాటాకే కదా, ఆ పొద్దునంతా మీ చేతిలో ఉంటుంది. మీ ప్లాన్‌లాగా చివరి రాత్రి మహాబలిపురంలో ఉంటే పొద్దున లేచిన దగ్గర్నుంచి రైలు అందుతుందా లేదా అన్న టెన్షన్‌తోనే సరిపోతుంది, సముద్రం వైపు చూడబుద్ధే కాదు.

టీ నగర్ విషయంలో మీవారికి నా మాటగా చెప్పండి, రంగనాథన్ స్ట్రీట్‌లో చీరలు చూడ్డం మొదలుపెడితే ఒక రోజు పోతుంది. పండగకి ఎలాగూ కొనుక్కుని ఉంటారు. ఈసారికి వదిలెయ్యండి. సాయంత్రం మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి, కోనేటి గట్టు చుట్టూ ఒక నడక, ఒక ఫిల్టర్ కాఫీ, ఊళ్లో ఆ పూటకి అంతే.

రాతిబొమ్మలు:
వరస తిరగెయ్యమన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేను మహాబలిపురం ఆరుసార్లు వెళ్లాను, అందులో నాలుగుసార్లు మధ్యాహ్నం ఎండలో బస్సు దిగి పరిగెత్తి చూసినవే, వాటిలో ఒక్కటీ నాకు సరిగా గుర్తులేదు. అక్కడ రాత్రి పడుకుని తెల్లారి చూసిన రెండుసార్లే గుర్తున్నాయి.

సముద్రపు ఒడ్డు గుడి గేటు ఆరింటికి తీస్తారు. జనవరిలో సూర్యుడు ఆరున్నర దాటాక గానీ రాడు, అంటే మీరు లోపలికి వెళ్లాక మీ ఎదురుగానే పొద్దు పొడుస్తుంది. రాజసింహుడనే పల్లవరాజు, అంటే రెండో నరసింహవర్మ, ఎనిమిదో శతాబ్దం మొదట్లో కట్టించిన గుడి అది. పన్నెండు వందల ఏళ్లు దాటి ఉప్పుగాలి కొడుతూనే ఉంది. ప్రహరీ మీద వరసగా నందులు కూర్చుని ఉంటాయి, దగ్గరికెళ్లి చూడండి, కొన్నిటికి ముక్కూ మూతీ కరిగిపోయి సబ్బుబిళ్లలా నున్నగా అయిపోయాయి. రెండు శివాలయాల మధ్య ఇరుకులో శయనించిన విష్ణుమూర్తి ఉంటాడు, హడావుడిగా తిరిగేవాళ్లు ఆయన్ని చూడకుండానే వచ్చేస్తారు. అక్కడ తీసుకున్న టికెట్టే అదే రోజు పంచరథాలకీ, అంటే రథాల ఆకారంలో చెక్కిన ఐదు రాతి గుళ్లకీ, పనికొస్తుంది, పారేయకండి.

తర్వాత అర్జునుడి తపస్సు. దానికి టికెట్ లేదు, రోడ్డు పక్కనే ఉంటుంది. దాదాపు 27 మీటర్ల పొడవు బండ మీద చెక్కిన బొమ్మలు. అందరూ ఏనుగుల ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. మీరు ఆ ఏనుగుల దగ్గరే కింద ఒక పిల్లి కోసం వెతకండి. ముందుకాళ్లు రెండూ పైకెత్తి, డొక్కలు కనిపిస్తుండగా తపస్సు చేస్తూ ఉంటుంది, దాని చుట్టూ ఎలుకలు. మనం చిన్నప్పుడు చెప్పుకున్న దొంగ సన్యాసి పిల్లి కథే, రాయి మీద. పక్కన విడిగా ఒక మగ కోతి ఆడ కోతికి పేలు చూస్తూ ఉంటుంది, పిల్ల పాలు తాగుతూ ఉంటుంది. నాకు ఆ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ అదే.

మ్యూజియం మాత్రం ఆ పద్నాలుగులోంచి కొట్టేయకండి. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి స్తూపం నుంచి తెచ్చిన శిల్పాల గది ఉంది. మీ ఇంటి నుంచి ముప్పై, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న అమరావతి గుట్ట మీద ఉండాల్సిన రాళ్లు, మన పలనాటి సున్నపురాయి, అక్కడ గోడలకు ఉన్నాయి. మన వైపు నుంచి వెళ్లేవాళ్లు ఆ గది ముందు నిలబడకుండా రావడం నాకు బాధగా ఉంటుంది. శుక్రవారం సెలవు, అది చూసుకోండి. సెంట్రల్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషనే.

కృష్ణలంక_అమ్మాయి:
చాలా చాలా థ్యాంక్స్ అండీ. కాణుం పొంగల్ సంగతి మాకు అస్సలు తెలియదు. ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను, ఒక రోజు అటూ ఇటూ అయినా ఫరవాలేదంది. పిల్లి, కోతుల సంగతి చదివి వినిపిస్తే మా ఆయన తన కాగితంలోంచి ఐదు చోట్లు కొట్టేశారు. సముద్రంలో దిగడం సంగతి ఎవరూ చెప్పలేదు. రూము ఎలా చూసుకోవాలి?

అలలు_వద్దు:
అక్కా, ఈ రెండూ నేను చెప్తాను, రెండూ మాకు అనుభవమే.

రూము సంగతి. మేం వెళ్లినప్పుడు ఒక రిసార్టు వాళ్లు సీ వ్యూ అని చెప్పి ఇచ్చిన రూములో కిటికీ తీస్తే జనరేటర్ షెడ్డు. బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే సర్వి చెట్ల మధ్య నీలంగా ఓ గీత. అడిగితే "అదే సర్ సీ వ్యూ" అన్నారు. అందుకని బుక్ చేసేముందు ఫోన్ చేసి, మీకిచ్చే రూము కిటికీలోంచి ఇవాళ తీసిన ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. పంపించకపోతే ఆ చోటు వదిలెయ్యండి. బీచ్‌లోకి నేరుగా దారి ఉందా, రోడ్డు దాటాలా, అది కూడా అడగండి. పండగ వారంలో ఐదు వేల లోపు సముద్రానికి ఆనుకుని దొరకడం కష్టం, ఒత్తవాడై వీధి చుట్టుపక్కల చిన్న లాడ్జీలు శుభ్రంగా ఉంటాయి, నాలుగడుగులేస్తే ఒడ్డు. ఆ వీధిలో చేపను చూపిస్తే అక్కడే వేయించి పెడతారు. ధర, బరువు ముందే మాట్లాడుకోండి.

ఇక సముద్రం. దయచేసి మీవారిని దిగనివ్వకండి. మా బావకి కూడా ఈత వచ్చు, గోదావరిలో ఈదినవాడు. మహాబలిపురంలో మోకాళ్ల లోతులో నిలబడ్డాడు, అంతే. అల వెనక్కి వెళ్లేటప్పుడు మడమల కింద ఇసుక సర్రున జారిపోయింది, కూలబడ్డాడు, లేచేలోపు ఇంకో అల. మేం చూస్తుండగానే ఇరవై అడుగులు లోపలికి వెళ్లిపోయాడు. వలలు సర్దుకుంటున్న ఇద్దరు జాలర్లు దూకి జుట్టు పట్టుకుని లాక్కొచ్చారు. మా అక్క ఆ తర్వాత గంటసేపు మాట్లాడలేదు, చేతులు వణుకుతూనే ఉన్నాయి. నదిలో ఈత వేరు, అక్కడ అడుగున లాగే ప్రవాహం వేరు. బోర్డులు ఊరికే పెట్టలేదు.

నీళ్లలో దిగాలని మరీ ఉంటే దారిలో కోవళం ఉంది, కేరళ కోవళం కాదు, మన ఈసీఆర్ మీదది. 2021లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చిన బీచ్, స్నానానికి హద్దులు కట్టి కాపలావాళ్లు ఉంటారు. సర్ఫింగ్ నేర్పేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు చూస్తుండగా, వాళ్లు చెప్పిన హద్దులోనే.

గుంటూరు_సైకిల్:
అంత దూరం వెళ్లి కాంచీపురం వదిలేస్తారా? 65 కిలోమీటర్లే. పొద్దున్నే కారు మాట్లాడుకుంటే ఏకాంబరేశ్వరుడు, కామాక్షి, కైలాసనాథుడు, పట్టుచీరలు, రాత్రికి వచ్చేయొచ్చు.

రాతిబొమ్మలు:
కైలాసనాథాలయం నాకు ప్రాణం, అయినా ఈ ప్రయాణంలో వద్దంటాను. రానూ పోనూ నాలుగు గంటలు కారులోనే, మధ్యాహ్నం గుళ్లు మూసేస్తారు. ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుంటానంది, ఆ కుర్చీ తీసేస్తే ఇక ఏం మిగిలింది. ఒకవేళ రెండో రోజు సాయంత్రం ఏమీ తోచకపోతే ఐదు కిలోమీటర్లలో సాళువన్‌కుప్పం దగ్గర పులి గుహ అని రాయి తొలిచి చేసిన పాత కట్టడం ఉంది, వెళ్లి చూసి రండి, జనం తక్కువ. చెన్నైకి తిరిగొచ్చే దారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర కూడా దిగి చూడొచ్చు, దక్షిణాది పాత ఇళ్లు కొన్ని విప్పి తెచ్చి మళ్లీ కట్టారు, మన ఉత్తరాంధ్ర చుట్టిల్లు కూడా ఉంది. మంగళవారం సెలవు.

కృష్ణలంక_అమ్మాయి:
అన్నీ ఆయనకి చదివి వినిపించాను. ఆ జాలర్ల సంగతి విన్నాక ఆయనే "నేను దిగనులే" అన్నారు, నా గుండెల మీద బరువు దిగింది. కాంచీపురం అత్తయ్యగారిని తీసుకుని వేసవి దాటాక వెళ్తాం, ఆవిడకి కామాక్షమ్మను చూడాలని ఎప్పటినుంచో ఉంది. టికెట్లు మార్చేశాం, ముక్కనుమ మర్నాడు బయల్దేరి రెండు రాత్రులు మహాబలిపురం, ఒకటి ఎగ్మూరు. ఒత్తవాడై పక్క సందులో ఒక లాడ్జీ ఆయన నిజంగానే మేడ మీద రూము కిటికీ ఫొటో పంపించాడు, రెండు డాబాల అవతల నీళ్లు కనిపిస్తున్నాయి, ఆ రూము ముందు వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు కూడా ఉన్నాయి. అదే బుక్ చేశాం. ఒక్కటే చివరి ప్రశ్న, జనవరిలో తెల్లవారుజామున అక్కడ చలేస్తుందా? స్వెటర్ తేవాలా, శాలువా చాలా?

అడయార్_తెలుగు:
శాలువా చాలమ్మా. ఒడ్డున గాలి ఉంటుంది, చెవులకి కప్పుకోండి.