అప్‌డేట్: బ్యాండ్‌లో నా గొంతు వినపడటం లేదని అడిగాను కదా

కిందటి నెల అడిగిన సంగతే. పియానో, డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది), డ్రమ్స్, గాత్రం నేను, మొత్తం నలుగురం; ముందే రాసుకున్నదేమీ లేకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ జాజ్ చేస్తుంటే నా గొంతు ఎక్కడో తప్పిపోతోందని అడిగాను. "మైక్ పెంచకు, పాడటం తగ్గించు" అన్నవాళ్లకి చాలా చాలా థాంక్స్. అప్పుడు బాధేసింది కానీ, రిహార్సల్ రికార్డు చేసుకుని వింటే మీరన్నదే నిజం, పియానో కాస్త ఆగితే చాలు నేను దూరిపోతున్నాను, ఎవరికీ సందు ఇవ్వట్లేదు.

ఈసారి మొదటి రెండు నిమిషాలు నోరు తెరవకూడదనుకున్నా. ఒకటే టెన్షన్. బేస్ వాయించే అతను కమానుతో 220 హెర్ట్జ్ (అంటే సెకనుకి 220 కంపనాలు) దగ్గర ఒకే స్వరం లాగుతుంటే, నేనూ పెదాలు మూసుకుని అదే స్వరం పట్టి, మెల్లగా వెంట్రుకవాసి పైకి జరిపాను. రెండిటికీ 3 హెర్ట్జ్ తేడా వస్తే ధ్వని సెకనుకి మూడుసార్లు ఉబ్బి తగ్గుతుంది కదా, ఆ అల నా దవడలో తెలిసింది! డ్రమ్మర్ వెంటనే బ్రష్‌లతో ఆ అలనే అందుకున్నాడు.

మీరు వినమన్న గాయని జీన్ లీ, పియానిస్ట్ రాన్ బ్లేక్‌ల 1962 ఆల్బమ్ రోజూ వింటున్నా. దాదాపు అంతా గొంతూ పియానోనే, అయినా ఎక్కడా వెలితి లేదు.

సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లేలు) మోగేటప్పుడు మాత్రం ఇంకా మునిగిపోతున్నాను. 'స', 'ష' శబ్దాలు వాటిలోనే కలిసిపోతున్నాయి, అందుకే అక్కడ 'మ', 'న'లతో పాడి చూస్తున్నా.