కాలవ గట్టు రోడ్ల మీద ప్రమాదాలు: పార్లమెంటులో ఏం అడిగిద్దాం?

వశిష్ఠగట్టు
2024 డిసెంబరులో లోక్‌సభలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రి గడ్కరీ గారు రోడ్డు ప్రమాదాల మీద చెప్పిన జవాబు విన్నాను. 2024 కల్లా చావులు సగానికి తగ్గించాలనుకున్నామని, తగ్గడం అటుంచి ప్రమాదాలు పెరిగాయని సభలోనే ఒప్పుకున్నారు. బయటి దేశాల సమావేశాల్లో ముఖం దాచుకోవాల్సి వస్తోందన్నారు. అలా ఒప్పుకున్నందుకు నాకు ఆయన మీద గౌరవమే. నా బాధ వేరే.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. జాతీయ రహదారుల మీద 61,038 మంది, రాష్ట్ర రహదారుల మీద 41,012 మంది. మిగిలిన 66,441 మంది ‘ఇతర రోడ్లు’ అన్న గడిలో ఉన్నారు. అన్నిటికన్నా పెద్ద గడి అదే. మన కాలవ గట్లు, పుంత రోడ్లు, లంక దారులు అన్నీ అందులోనే కలిసిపోయాయి. తరచూ ప్రమాదాలు జరిగే చోటని సర్కారు గుర్తించే బ్లాక్‌స్పాట్ అంటే జాతీయ రహదారిలో అర కిలోమీటరు ముక్క. అక్కడ మూడేళ్ళలో చావో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది చనిపోవాలి. మా లాకుల (కాలవ నీళ్ళు ఆపే తలుపుల) దగ్గర మలుపు ఎంతమందిని మింగినా ఆ లెక్కలోకి రాదు.

మన ఎంపీ గారికి ఇవ్వడానికి ఒక కాగితం రాద్దామనుకుంటున్నాను. మీ ఊళ్ళ దగ్గర ఏం జరిగిందో రాయండి.

కోనసీమ ఆడపడుచు
అన్నయ్య గారూ, మా మరిదిది చెప్తాను. కిందటేడు ఆగస్టులో రాత్రి పది దాటాక పెళ్ళి నుంచి వస్తున్నారు. వాన. ఎదురు బండి లైటు కళ్ళల్లో పడింది. మలుపులో గోడ లేదు, కనీసం రాయి లేదు. కారు నేరుగా కాలవలోకి దిగిపోయింది. అదే ఏప్రిల్ నెలాఖరైతే కాలవకి నీళ్ళు కట్టేసి ఉండేవి, బురదలో పడి లేచేవారు. ఆగస్టులో నిండుగా పారుతోంది. తలుపులు రాలేదు. వెనక సీటు అద్దం సగం దించి ఉండబట్టి అందులోంచి ఇద్దరు బయటపడ్డారు. ముందు కూర్చున్న మా మరిది స్నేహితుడు రాలేకపోయాడు. ఇరవై ఆరేళ్ళు.

తర్వాత మేము ఆఫీసుల చుట్టూ తిరిగాం. రోడ్డు ఒకరిది, గట్టు ఒకరిది, కాలవ ఒకరిది అన్నారు. గోడ ఎవరిదో ఇంతవరకూ తేలలేదు. మీ కాగితంలో మొదట ఇదే రాయండి: గట్టు మీద రోడ్డుకి రక్షణ గోడ ఎవరు కట్టాలి?

తణుకు రైతు
అమ్మాయ్, చదువుతుంటే చెయ్యి ఆడలేదు.

నేను రైతుల వైపు నుంచి ఒకటి చెప్పాలి. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఎందుకు పోస్తున్నారని అందరూ అంటారు. కోత మిషను కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ఇబ్బంది. మాకు కళ్ళాలు లేవు, ఉన్న చోటల్లా చెరువులు తవ్వేశారు. రోడ్డు కాక ఇంకెక్కడ పొయ్యాలి? అయితే తప్పు ఒకటి మాది ఉంది. పరదా ఎగరకుండా అంచున పెట్టిన రాళ్ళు సాయంత్రం తియ్యం. మోటార్‌సైకిలు వాడు చీకట్లో వాటి మీదే పడతాడు. ట్రాక్టరు ట్రక్కుకి వెనక లైటు ఉండదు, రేడియం స్టిక్కరు బురదలో కనపడదు. మా నాన్నగారి మోటార్‌సైకిలు ఆగి ఉన్న ట్రక్కుకి గుద్దుకుంది, కాలు విరిగింది. అప్పట్నుంచి నేను స్టిక్కరు తుడవకుండా ట్రక్కు బయటికి తియ్యను.

భీమవరం బస్సు
రొయ్యల బండ్ల నుంచి కారే నీళ్ళు కూడా రాయండి. వంతెనలు ఎక్కే చోట తెల్లారుజామున మోటార్‌సైకిళ్ళు తెగ జారుతున్నాయి.

గోదారి వకీలు
ప్రశ్న ఎలా వెయ్యాలో తెలిస్తేనే ఉపయోగం. లోక్‌సభలో రోజుకి 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలుంటాయి. వాటికి మంత్రి నోటితో చెప్పాలి, ఆ జవాబు మీద ఎంపీ అనుబంధ ప్రశ్న వెయ్యొచ్చు. కానీ ఆ గంటలో కొన్నే వంతుకొస్తాయి. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలకి రాతలో జవాబు వస్తుంది, అంకెలు కావాలంటే అదే మేలు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

కాలవ గట్టు గోడ గురించి నేరుగా అడిగితే రాష్ట్రం పని అని తిప్పేస్తారు. దాన్ని ఎమ్మెల్యే గారితో శాసనసభలో అడిగించండి, కలెక్టరు గారి జిల్లా రోడ్డు భద్రతా కమిటీకీ అర్జీ పెట్టండి. కేంద్రాన్ని అడగాల్సింది: ‘ఇతర రోడ్లు’ గడిలో కాలవలో, చెరువులో పడి పోయినవారెందరు? ప్రధానమంత్రి గ్రామ సడక్ కింద వేసిన గట్టు రోడ్లలో గోడ ఉన్నవెన్ని?

ఇంకోటి. 2025 మేలో నగదు లేని చికిత్స పథకం వచ్చింది. మోటారు వాహనం వల్ల ఏ రోడ్డు మీద ప్రమాదం జరిగినా వర్తిస్తుంది, 7 రోజుల వరకు లక్షన్నర రూపాయల వైద్యం. గాయపడినవాణ్ణి ఆసుపత్రిలో చేర్చినవారిని పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదని మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను కింద చేసిన నియమాలు చెప్తున్నాయి. భయపడి వదిలెయ్యకండి.

లంకపిల్ల
హెల్మెట్ గురించి ఎవరూ అనలేదు. 2022లో హెల్మెట్ లేక పోయినవారు 50,029. వాళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళే. మా వైపు వెనక కూర్చునేది ఎక్కువగా అమ్మలు, అత్తలు. చీర కొంగు తలమీద కప్పుకుని, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని. రెండో హెల్మెట్ ఎన్ని ఇళ్ళల్లో ఉందో చూడండి. మా ఇంట్లో పోయిన నెల కొన్నాం, అమ్మ వారం రోజులు గొడవ చేసి ఇప్పుడు తనే అడిగి పెట్టుకుంటోంది.

వశిష్ఠగట్టు
అందరికీ దణ్ణం. ఆడపడుచు గారి ప్రశ్న పైన పెడుతున్నాను, వకీలు గారు చెప్పిన రెండూ దాని కింద. మీ మలుపుల ఫోటోలు పంపండి. ఊరు, దగ్గర్లో ఉన్న లాకు పేరు, గోడ ఉందో లేదో రాస్తే చాలు.

కోనసీమ ఆడపడుచు
మా మలుపు దగ్గర నాలుగు కొబ్బరి మొద్దులు పాతి సున్నం కొట్టాం అన్నయ్య గారూ. రాత్రి లైటుకి బానే కనపడుతున్నాయి. రేపు ఫోటో తీసి పెడతాను.